రాతిలో ఆ గుంత ఎవరు చేశారు? (పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

పోయిన సంచికలో విశాఖ దగ్గర పాత బౌద్ధ క్షేత్రం తొట్లకొండ మీద రాతి తొట్టి ఫోటో ఒకటి వేశాం కదా, దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదండి. సగం మంది "మా దగ్గర కొండ మీద కూడా ఇలాంటివి ఉన్నాయి" అంటూ వాట్సాప్‌లో ఫోటోలు పంపించారు. అందుకే ఈసారి కాలమ్ మొత్తం రాళ్ళలో గుంతలకే ఇచ్చేశాం. ఒకేలాంటి ప్రశ్నలు కలిపేశాను, పేర్లు తీసేసి ఊళ్ళు మాత్రం ఉంచాను, ఒక ఉత్తరానికి ఊరు కూడా తీసేశాను, కారణం అక్కడే చెప్తాను.

మధురవాడ నుంచి ఒక పాఠకురాలు: ఆదివారాలు పిల్లల్ని తీసుకుని దగ్గర్లో కొండెక్కుతుంటాం. పైన చదునుగా ఉన్న బండ మీద చిన్నా పెద్దా గుంటలు చాలా ఉన్నాయి, వానాకాలంలో నీళ్ళు నిలుస్తాయి. మా అబ్బాయి ఇవి బౌద్ధులు తవ్వినవి అంటాడు, మావారేమో అన్నీ వానకి పడ్డవే అంటారు. చూసి చెప్పటం ఎలాగండి?

మేడం, మీరు పంపిన మూడు ఫోటోల్లో రెండు వాన చేసినవి, ఒకటి మనిషి చేసింది. అంటే ఇంట్లో ఇద్దరిదీ కరెక్టే. ఎలా చెప్తున్నానో వివరంగా రాస్తా, ఎందుకంటే ఇది తెలిస్తే తర్వాత మీ అంతట మీరే చెప్పగలరు.

ముందు రాయి సంగతి. మన వైజాగ్ చుట్టూ ఉన్న కొండలు చాలావరకు ఖొండలైట్ రాయి, తుప్పు రంగులో ఉంటుంది, దగ్గరగా చూస్తే ఎర్రటి గార్నెట్ గింజలు కనిపిస్తాయి. దాంట్లో ఇంకా క్వార్ట్జ్, సిల్లిమనైట్, ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజాలు ఉంటాయి. వీటిల్లో క్వార్ట్జ్ మహా గట్టిది, ఫెల్డ్‌స్పార్ మాత్రం ఏళ్ళ తరబడి నీళ్ళు తగిలితే తెల్లటి బంకమన్నుగా మారిపోతుంది. పైగా ఈ రాయి పొరలు పొరలుగా ఉంటుంది, ఒక పొరలో ఫెల్డ్‌స్పార్ ఎక్కువ, ఇంకో పొరలో తక్కువ, ఎక్కువ ఉన్న చోట ముందు చిన్న లొత్త పడుతుంది. ఆ లొత్తలో వాన నీళ్ళు ఆగుతాయి, ఆకులు పడి కుళ్ళి ఆ నీళ్ళకి కాస్త పులుపు గుణం వస్తుంది, నాచు పడుతుంది, మళ్ళీ ఎండకి ఎండిపోతుంది, మళ్ళీ తడుస్తుంది, ఈ తడి-పొడి ఆటలో రాతి గింజలు ఒక్కొక్కటే వదులై ఊడిపోతే వాటిని గాలి గానీ తర్వాతి వాన గానీ ఊడ్చుకుపోతుంది. గుంట పెద్దదైతే నీళ్ళు ఇంకా ఎక్కువ రోజులు నిలుస్తాయి, అందుకని ఇంకా పెరుగుతుంది. వందలు కాదు, వేల ఏళ్ళ పని అది.

ఇలా పడిన గుంటకి గుర్తులుంటాయి. అడుగు చదునుగా ఉంటుంది. పక్క గోడలు లోపలికి తొలుచుకుని ఉంటాయి, పైన అంచు చిన్న చూరు వచ్చినట్టు ముందుకి ఉంటుంది, ఎందుకంటే తడి ఎక్కువసేపు ఉండేది కిందే కదా. పల్లం వైపు అంచు తెగి నీళ్ళు పొర్లిపోయే నోరు ఒకటి ఉంటుంది. ఆకారానికి లెక్కాపత్రం ఉండదు, పక్కపక్క గుంటలు కలిసిపోతుంటాయి, ఒక్కోసారి బండలో పగులు ఎటు పోతే అటే వరసగా ఉంటాయి. మీ మొదటి రెండు ఫోటోలు అచ్చంగా ఇవే.

మనిషి చేసిన గుంత అలా ఉండదు. రాతి పొర ఎటు పోతుందో దానికి సంబంధం ఉండదు, మెత్తటి చోటూ గట్టి చోటూ ఒకేలా కోసుకుంటూ పోతుంది. గోడ నిటారుగా గానీ, లేదా ఒకే వాలులో గానీ దిగుతుంది. ఉలి దెబ్బలు ఏటవాలు గీతలుగా మిగిలి ఉండొచ్చు, మీ మూడో ఫోటోలో కుడి గోడ మీద కనిపిస్తున్నవి అవే. మూలలున్నాయంటే దాదాపు ఇంక డౌట్ పడక్కర్లేదు. ఈ గీతలు మధ్యాహ్నం ఎండలో అస్సలు కనిపించవు, పొద్దున్నే గానీ సాయంత్రం గానీ ఎండ వాలుగా పడేటప్పుడు చూడాలి, లేదంటే ఫోన్ టార్చ్‌ని బండకి ఆనించి పక్క నుంచి వెయ్యాలి. నీడల్లో అన్నీ బయటపడతాయి. సుద్దతో గీయటం, నీళ్ళు పోసి బ్రష్‌తో తోమటం మాత్రం చెయ్యొద్దు, ఆ పైపొరలోనే సమాచారం ఉంటుంది.

ఒక చిక్కుంది. రెండూ కలిసినవి కూడా ఉంటాయి. వాన చేసిన గుంటని చూసి "ఇక్కడ నీళ్ళు ఆగుతున్నాయి" అని మనిషి ఇంకాస్త లోతు చేసి వాడుకుని ఉండొచ్చు, లేదా మనిషి చెక్కిన తొట్టినే రెండు వేల ఏళ్ళ వాన కొరికి ఉలి గీతలన్నీ చెరిపేసి ఉండొచ్చు. అప్పుడు గుంతనొక్కదాన్నే చూసి ఏమీ తేలదు. తలెత్తి చుట్టూ చూడాలి. నీళ్ళు ఎటు నుంచి వస్తున్నాయి, ఎటు పోతున్నాయి, పక్కన ఇటుక ముక్కలు, కుండ పెంకులు ఏమన్నా ఉన్నాయా, మెట్లు గానీ కాలవ గానీ కోసి ఉందా, ఇంకో గుంత ఎంత దూరంలో ఉంది. నా మట్టుకు నాకు గుంత కన్నా ఆ చుట్టుపక్కలే ముఖ్యం, మిగతా జవాబుల్లో కూడా నేను ఇదే పట్టుకుని మాట్లాడతాను.

భీమిలి నుంచి కాలేజీ స్టూడెంట్: సర్, బీచ్ పక్క రాళ్ళ మీద తేనెపట్టు లాగా వందల కొద్దీ చిన్న చిన్న కన్నాలు ఉన్నాయి. అలలు కొట్టి కొట్టి పడ్డాయా? లేక పురుగులు తొలిచాయా?

ఎక్కువగా ఉప్పు పని అది. అలలు నేరుగా కొట్టే చోట రాయి నున్నగా అరుగుతుంది, ఈ తేనెపట్టు మాత్రం అంతకన్నా కొంచెం పైన, నీటి తుంపర మాత్రమే పడే చోట ఉంటుంది, ఈసారి వెళ్ళినప్పుడు ఎత్తు గమనించు. తుంపర రాతి సందుల్లోకి ఇంకుతుంది, ఎండ వచ్చి నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మాత్రం లోపలే గడ్డకట్టి స్ఫటికంగా పెరుగుతుంది, పెరిగేటప్పుడు పక్కనున్న రాతి గింజల్ని నెట్టేస్తుంది. ఒకసారి చిన్న కన్నం పడ్డాక దాని లోపల నీడ, తడి ఎక్కువసేపు ఉంటుంది, ఉప్పు అక్కడే మళ్ళీ మళ్ళీ చేరుతుంది, అందుకే కన్నాలు లోతవుతాయి గానీ వాటి మధ్య గోడలు సన్నగా నిలబడే ఉంటాయి. లోపల వేలు పెట్టి రుద్దితే తెల్ల పొడి, ఇసక గింజలు రాలతాయి.

కొంచెం కింద, ఆటుకి బయటపడే బండల మీద ఇంకో రకం చూస్తావు. గుండ్రంగా, నున్నగా, నిటారుగా దిగిన గుంతలు, అడుగున గులకరాళ్ళు. అల లోపలికి వచ్చినప్పుడల్లా ఆ రాళ్ళు గుండ్రంగా తిరిగి తిరిగి గుంతని తొలుస్తాయి. నదుల్లో ఇదే పని ఇంకా పెద్దగా జరుగుతుంది, మహారాష్ట్రలో నిఘోజ్ దగ్గర కుకడీ నది నల్లరాతిలో మనిషి దిగేంత లోతు గుంతలు ఇలాగే చేసింది. పురుగుల సంగతి అడిగావు కాబట్టి, మెత్తటి రాళ్ళని తొలిచే ఆలిచిప్పల జాతులు నిజంగానే ఉన్నాయి, కాకపోతే వాటి కన్నాలు అన్నీ ఇంచుమించు ఒకే వెడల్పుతో ఉంటాయి, ఒక్కోసారి లోపల చిప్ప కూడా దొరుకుతుంది.

ఈ ఉప్పు బాధ కట్టిన గుళ్ళకి కూడా ఉంది. కోణార్క్ గుడి ఎక్కువ భాగం ఖొండలైట్‌తోనే కట్టారు, 13వ శతాబ్దంలో, సముద్రం పక్కనే. అక్కడి శిల్పాల మొహాలు ఎలా కరిగిపోయాయో చూసినవాళ్ళకి తెలుసు. మన కొండ రాయే అది. నువ్వు జియాలజీ చదవట్లేదని రాశావు గానీ ఇంత బాగా గమనించావు కాబట్టి చెప్తున్నా, మంగమారిపేట దగ్గర సహజ శిలాతోరణం చూసిరా, అదీ సముద్రం పనే, అక్కడ గుంత కాస్తా తలుపంత అయిపోయి అవతలికి దారి పడింది.

ఊరి పేరు తీసేశాం: మా ఊరి పక్క బండ మీద చిన్న చిన్న గుంతలు వరసలు వరసలుగా ఉన్నాయండి. కొన్ని రూపాయి బిళ్ళంత, కొన్ని టీ గ్లాసంత. భీముడు ఆడుకున్నాడని మా తాతగారు సెప్పీవోరు. ఈమధ్య ఎవరో వచ్చి ఇయ్యి నిధికి గుర్తులు, గుంతలు లెక్కెట్టి అన్ని అడుగులు అవతల తవ్వాలంటన్నారు. రాత్రుళ్ళు తిరుగుతున్నారు. నిజంగా నిధి ఉంటాదేటండి?

ఉండదు తమ్ముడూ. ఉండదు. ఈ మాట ఎంత గట్టిగా చెప్పమంటే అంత గట్టిగా చెప్తాను, అందుకే మీ ఊరి పేరు కూడా వెయ్యలేదు, ఇది చదివి ఇంకో నలుగురు పలుగులు పట్టుకుని వస్తారని. గుప్తనిధుల పిచ్చితో మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎన్ని పాత రాళ్ళు పడగొట్టారో, ఎన్ని గుళ్ళలో నంది విగ్రహాలు పగలగొట్టారో పేపర్లో చూస్తూనే ఉన్నాం. పగలగొట్టిన ప్రతిసారీ పోయేది ఆ ఊరి చరిత్రే.

ఇంక ఆ గుంతలు ఏమై ఉంటాయో చూద్దాం. నువ్వు పంపిన ఫోటో మసగ్గా ఉంది కాబట్టి మూడు దారులు చెప్తా, నువ్వే పోల్చి చూసుకో.

అన్నీ ఒకే గీత మీద, సమానమైన ఎడంలో, నలుచదరంగా గానీ పలకగా గానీ ఉన్నాయంటే అవి బండ చీల్చటానికి కొట్టిన గుంతలు. అంతే. చీల్చే ముందు పని ఆగిపోయింది, గుంతలు మిగిలిపోయాయి. హంపి లాంటి చోట్ల బండల అంచున ఈ వరసలు ఎక్కడ పడితే అక్కడ కనిపిస్తాయి.

రెండు వరసలు, వరసకి ఏడు, మొత్తం పద్నాలుగు ఉంటే మీ ఊరి ఆడవాళ్ళని అడుగు, చూడగానే చెప్తారు, వామనగుంటలు. చింతపిక్కలు పోసి ఆడే ఆట. గుడి అరుగుల మీద, మండపాల నేల మీద, పశువుల్ని తోలుకెళ్ళిన వాళ్ళు కూర్చునే బండల మీద కూడా ఇవి చెక్కి ఉంటాయి. పులిజూదం గీతలు కూడా పక్కనే ఉంటాయేమో వెతుకు.

ఇక మూడోది. గుండ్రంగా, అరచేతిలో పట్టేంత, లోతు కన్నా వెడల్పు ఎక్కువ, వరసలు ఉన్నట్టే ఉండి లేనట్టు ఉంటే, అవి చాలా పాతవి అయ్యుండొచ్చు, నాకు ఒళ్ళు గగుర్పొడిచేది ఇక్కడే. రాతితో రాతిని కొట్టి కొట్టి చేసిన గుంతలు ఇవి, ఇనుము పుట్టక ముందు నుంచీ ఉన్నాయి. మధ్యప్రదేశ్‌లో భాన్‌పురా దగ్గర దరకీ చట్టాన్ అనే సన్నటి గుహ ఉంది, దాని రెండు గోడల మీదా కలిపి ఐదు వందలకి పైనే ఉన్నాయి, మహా గట్టి క్వార్ట్‌జైట్ రాయి మీద, అదీ నిలువు గోడ మీద. నిలువు గోడ మీద గుంతలో నూరటానికి కుదరదు, నీళ్ళు నిలవవు, పప్పు దంచలేరు, మరి ఎందుకు చేశారు? పరిశోధకులు అలాంటి రాయి మీదే రాతి సుత్తులతో ఒక గుంత చేసి చూస్తే వేల దెబ్బలు పట్టాయి. ఫ్రాన్స్‌లో లా ఫెరాసీ అనే చోట నియాండర్తల్ (మనకన్నా ముందున్న పాత మానవ జాతి) కాలపు చిన్న పిల్ల సమాధి మీద పెట్టిన రాతి పలకకి ఇలాంటి గుంతలే ఉన్నాయి, అదీ గుంతలున్న వైపు కిందకి, బిడ్డ వైపుకి తిప్పి. మనకి దగ్గర్లో అయితే తెలంగాణలో నారాయణపేట జిల్లా ముడుమాల్ ఉంది, కృష్ణ ఒడ్డున, నిలువు రాళ్ళు పాతిన పెద్ద మైదానం, అక్కడ ఒక రాయి మీద చిన్న గుంతలతో సప్తర్షి మండలం చెక్కారు, 2025లో ఆ చోటు యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకి కూడా ఎక్కింది. బళ్ళారి దగ్గర కుప్గల్ కొండ మీద ఇంకో వింత, అక్కడ నల్లటి డోలరైట్ బండలకి ఉన్న గుంతలు మోత కోసం కొట్టగా కొట్టగా పడ్డవి, చిన్న రాయితో కొడితే ఆ బండలు ఇప్పటికీ ఖంగుమని మోగుతాయి. అంటే చూడటానికి ఒకేలా ఉన్న గుంతలు ఒక చోట చుక్కలు, ఒక చోట సంగీతం, ఒక చోట బిడ్డని పోగొట్టుకున్న వాళ్ళ దుఃఖం.

మీ బండ ఏ రకమో తేలాలంటే ఆ బండ కదలకుండా ఉన్నచోటే ఉండాలి, చుట్టూ మట్టి కదపకూడదు. పక్కన ఒక్క పెంకు ముక్క, ఒక్క బూడిద పొర దొరికినా కాలం చెప్పటానికి అదే ఆధారం, పలుగు పెట్టి తిరగేసిన మట్టిలో ఇంక ఏ ఆధారమూ మిగలదు. నువ్వు చెయ్యాల్సిందల్లా పక్కన ఒక రూపాయి బిళ్ళ పెట్టి పొద్దుటి ఎండలో ఫోటోలు తియ్యి, దూరం నుంచి బండ మొత్తం వచ్చేలా కూడా తియ్యి, సర్పంచి గారికీ వీఆర్వో గారికీ రాతపూర్వకంగా ఇచ్చి రాష్ట్ర పురావస్తు శాఖకి పంపించమను. రాత్రుళ్ళు వచ్చేవాళ్ళ గురించి పోలీసులకి చెప్పు, భయపడక్కర్లేదు. భూమిలో దొరికిన నిధి ఏదైనా పది రూపాయల విలువ దాటితే కలెక్టర్‌కి తెలియజెయ్యాలని 1878 నాటి చట్టమే ఉంది, కేంద్రం రక్షణలో ఉన్న కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా. ఈ మాట వాళ్ళ చెవిన కూడా వెయ్యి. మీ తాతగారి భీముడి కథ మాత్రం వదిలిపెట్టకు, అది కూడా రాసిపెట్టు, ఇన్నాళ్ళూ ఆ బండని ఎవరూ ముట్టుకోకుండా కాపాడింది ఆ కథే అయ్యుంటుంది.

గాజువాక నుంచి: పూర్వం కర్ర ముక్కలు గుంతల్లో దిగ్గొట్టి నీళ్ళు పోస్తే బండ చీలేదని విన్నాను, సాధ్యమేనా?

సాధ్యమే. ఎండు కర్ర నీళ్ళు పీల్చి ఉబ్బుతుంది, వరసగా అన్ని గుంతల్లోనూ ఒకేసారి ఉబ్బితే ఆ ఒత్తిడికి రాయి ఆ గీత వెంట విచ్చుకుంటుంది. ఇనుము బాగా దొరికాక ఇనప చీలలు పెట్టి ఒక్కోదాన్నీ కొంచెం కొంచెంగా, వరస తప్పకుండా సమ్మెటతో కొట్టుకుంటూ వెళ్ళేవాళ్ళు, మోత మారగానే రాయి తెగబోతోందని తెలిసిపోయేది. మన వడ్డెర పనివాళ్ళలో పెద్దవాళ్ళకి ఈ విద్య ఇంకా చేతుల్లో ఉంది. మీ దగ్గర్లో క్వారీ పని చేసిన ముసలాయన ఎవరన్నా ఉంటే వెళ్ళి కూర్చుని అడగండి.

సీతమ్మధార నుంచి ఒక రిటైర్డ్ ఇంజనీరు గారు: తొట్లకొండ, బావికొండ, పావురాళ్ళకొండ మూడూ చూశాను. సముద్రం కనిపించే కొండ నెత్తి మీద, ఊట లేని చోట, రాతిని తొలిచి అన్ని తొట్లు ఎందుకు చేశారు? కింద ఊళ్ళో ఉంటే పోయేది కదా? నిజంగా ఆ నీళ్ళు సరిపోయేవా?

నమస్కారమండి. మీరు ఇంజనీరు కాబట్టి లెక్కతోనే మొదలుపెడతా. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే లీటరు నీళ్ళు. వంద చదరపు మీటర్ల బోడి బండ మీద యాభై మిల్లీమీటర్లు పడిందనుకోండి, తుఫాను రోజుల్లో మనకి అది పెద్ద విషయం కాదు, ఐదు వేల లీటర్లు. పగుళ్ళలోకి కొంత, గాలికి కొంత పోయినా నాలుగు వేలు చేతికొస్తాయి, ఒక్క వానకి. విశాఖకి ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల పైనే పడుతుంది, ఎక్కువ భాగం జూన్ నుంచి నవంబరు లోపే. కాబట్టి నీళ్ళు లేకపోవటం సమస్య కాదు, నిలబెట్టుకోవటమే సమస్య. మట్టి నేల మీద పడితే ఇంకిపోయే నీళ్ళు రాతి మీద పడితే ఎటు పంపితే అటు పోతాయి. కొండ నెత్తిన చెట్టూ పుట్టా తక్కువ ఉన్న బండే వాళ్ళకి క్యాచ్‌మెంట్, అంటే వాన నీళ్ళు పోగుచేసే చోటు, దాని కింద తొట్టే ట్యాంకు. పావురాళ్ళకొండ మీద ఇలాంటి తొట్లు పదహారు దాకా చెప్తారు.

కింద ఎందుకు ఉండలేదంటే, భిక్షువులు ఊరికి మరీ దగ్గరా ఉండకూడదు, మరీ దూరమూ ఉండకూడదు, పొద్దున్నే దిగి భిక్ష తెచ్చుకుని రాగలగాలి, వానాకాలం మూడు నెలలు మాత్రం తిరగకుండా ఒకే చోట ఉండాలి. అంటే మనుషులు ఎక్కువమంది పోగయ్యే కాలమూ నీళ్ళు పడే కాలమూ ఒకటే. తొట్లకొండ క్రీస్తుకి ముందు రెండో శతాబ్దం నుంచి తర్వాత మూడో శతాబ్దం దాకా బాగా నడిచిన చోటు, 1988 నుంచి 1993 వరకు జరిగిన తవ్వకాల్లో శాతవాహనుల సీసపు నాణేలు, రోమన్ వెండి నాణేలు దొరికాయి, కింద తీరంలో ఓడల వ్యాపారం జోరుగా ఉండేదన్నమాట. దానం చేసేవాళ్ళు ఉన్నారు, రాయి తొలిచే పనివాళ్ళు ఉన్నారు.

ఇంకో మాట, ఇదే పనిని ప్రకృతి గుంటలతో సరిపెట్టుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. ఆస్ట్రేలియా ఆదివాసులు గ్రానైట్ బండల మీద వాన గుంటల్ని తరతరాలుగా గుర్తుపెట్టుకుని, ఆవిరి కాకుండా, జంతువులు పడకుండా రాతి పలకలతోనో కొమ్మలతోనో మూసిపెట్టి, ఎడారి దారుల్లో వాటినే నమ్ముకుని నడిచారు. మన భిక్షువులది ఒక చోట స్థిరంగా ఉండే జీవితం కాబట్టి ఉలి పట్టించారు.

మీరు ఈసారి వెళ్ళినప్పుడు తొట్టిలోకి కాదు, తొట్టి అంచు నుంచి పైకి చూడండి, బండ వాలు ఎటుందో, ఎంత మేర నీళ్ళు ఆ తొట్టికి చేరతాయో అడుగులతో కొలవండి. మీలాంటి వాళ్ళు ఆ స్కెచ్ గీసి పంపిస్తే అచ్చు వేస్తాం, నిజంగా అడుగుతున్నాను. 2019 అక్టోబరు వానలకి తొట్లకొండ మీద పునరుద్ధరించిన మహాస్తూపం కొంత కూలిపోయింది, అంటే ఆ కొండ మీద నీళ్ళు ఎటు పోవాలన్నది ఇప్పటికీ చాలా పెద్ద ప్రశ్నే.

అనకాపల్లి నుంచి: బొజ్జన్నకొండ దగ్గర గుహ గుమ్మాల దగ్గర నేలలో, పైన కప్పులో ఎదురెదురుగా గుండ్రటి గుంతలు చూశాను. దీపాలు పెట్టుకునేవా?

దీపాలకి అయితే గోడలో గూడు ఉంటుంది, మసి కూడా ఉండొచ్చు. గుమ్మం పక్కన నేలలో ఒకటి, సరిగ్గా దాని నెత్తిన పైన ఒకటి ఉంటే అవి తలుపు తిరిగే గుంతలు. పాతకాలంలో బందులు లేవు కదా, తలుపు చెక్కకే పైనా కిందా మొన ఉంచి ఆ గుంతల్లో నిలబెట్టేవాళ్ళు. కింది గుంతలో గుండ్రంగా అరిగిన గీతలుంటే తలుపు చాలా ఏళ్ళు తిరిగిందని అర్థం. అలాగే అక్కడ రాతి స్తూపాల నెత్తిన చిన్న గుంత కనిపిస్తే అది ఛత్రం (స్తూపం పైన ఉండే గొడుగు) కర్ర నిలబెట్టటానికి అయ్యుంటుంది. బ్రిటిష్ కాలపు పురావస్తు అధికారి అలెగ్జాండర్ రీ 1907 ప్రాంతంలో అక్కడ తవ్వించాడు. ఎన్నో ఏళ్ళు కనుమ రోజున జనం అక్కడి శిల్పం మీద రాళ్ళు విసిరే ఆచారం ఉండేది, కాబట్టి ఆకారం లేని చిన్న చిన్న దెబ్బలు కనిపిస్తే అవి పనివాడి ఉలివి అనుకోకండి.

సింహాచలం దిగువ నుంచి ఒక గృహిణి: ఇంటి పునాది తవ్వుతుంటే గుంతున్న పెద్ద రాయి దొరికింది. రోలే అనుకుంటున్నాం. మేస్త్రి పగలగొట్టి పునాదిలో వేసేస్తానంటున్నాడు, మా అత్తగారు ఇంట్లో పెట్టుకోకూడదంటున్నారు, నాకేమో అందులో మొక్క పెట్టాలని ఉంది. ఏం చెయ్యమంటారు?

ముందు మేస్త్రిని ఆపండమ్మా. ఫోటో చూశాను, రోలే. గుంత లోపల అడుగున నున్నగా, పైన గరుగ్గా ఉంది చూశారా, రోకలి పోటు పడేది అడుగున కాబట్టి అక్కడే అరుగుతుంది. రుబ్బురోలైతే పొత్రం తిరిగి గోడలు కూడా చుట్టూతా నున్నబడతాయి, మీదానికి అలా లేదు, దంచిన రోలు. ఇది వందేళ్ళదో ఐదొందల ఏళ్ళదో రోలొక్కదాన్ని చూసి చెప్పలేం, ఎందుకంటే రోలు ఆకారం వేల ఏళ్ళుగా పెద్దగా మారలేదు. దక్షిణాదిలో నాలుగు వేల ఏళ్ళ కిందటే పశువుల్ని మేపుకుంటూ చిరుధాన్యాలు, ఉలవలు పండించుకున్న వాళ్ళ ఊళ్ళ దగ్గర బండల మీద నూరిన గుంతలు ఇప్పటికీ ఉన్నాయి.

అందుకే అది ఎంత లోతులో దొరికింది, పక్కన మట్టి రంగు ఏంటి, పెంకులు, బొగ్గు, ఎముకలు ఏమన్నా వచ్చాయా, ఇవి ఈరోజే ఒక కాగితం మీద రాసుకోండి, ఫోటోలు తీసుకోండి. గోతిలో ఇంకా చెక్కిన రాళ్ళు, పెద్ద ఇటుకలు కనిపిస్తే పని ఆపి పురావస్తు శాఖకి చెప్పండి. ఏమీ రాకపోతే రోలు మీ ఇంట్లోనే ఉంచుకోండి. మీ అత్తగారిని "మీ చిన్నప్పుడు రోలు ఎక్కడ ఉండేది, ఏం దంచేవారు" అని అడిగి చూడండి. మొక్క మాత్రం వద్దు, వేళ్ళు సందుల్లోకి పోయి, ఎప్పుడూ తడిగా ఉండి ఖొండలైట్ అయితే కొన్నేళ్ళకే పొరలు విడిపోతుంది. నీడలో, నేలకి కొంచెం ఎత్తులో, నీళ్ళు నిలవకుండా పక్కకి వాల్చి పెట్టండి.

అరకు రోడ్డు నుంచి, హైస్కూల్ విద్యార్థి: బొర్రా గుహల పైకప్పులో కన్నం, నేలలో చిన్న గుంటలు ఎవరు చేశారు?

బాబూ, గుహ మొత్తాన్నీ చేసింది నీళ్ళే. అది సున్నపురాయి, గాలిలోనూ మట్టిలోనూ ఉండే కార్బన్ డయాక్సైడ్ కలిసిన వాన నీళ్ళు ఆ రాయిని కరిగిస్తాయి, కింద గోస్తనీ నది ఉంది. పైకప్పు పల్చబడిన చోట ఊడి పడితే కన్నం పడుతుంది, ఆవు అందులోంచి లోపల పడిందని చెప్పే కథ నువ్వూ వినే ఉంటావు. నేల మీద గుంటలు పై నుంచి ఒకే చోట చుక్క పడి పడి ఏర్పడినవి. ఒక చుక్క మోసుకొచ్చిన సున్నం వదిలేస్తే కింద స్తంభం లేస్తుంది, వదలకుండా కరిగిస్తూ పోతే గుంట పడుతుంది. ఈసారి వెళ్ళినప్పుడు ఒక గుంట దగ్గర నిలబడి తలెత్తి పైన చుక్క కారే చోటు వెతుకు, కప్పుని మాత్రం చేత్తో ముట్టుకోవద్దు, చేతి జిడ్డు అంటుకుంటే అక్కడ సున్నం పేరుకోవటం ఆగిపోతుంది.